మ్యాథ్స్ టీచర్ల కాన్ఫరెన్స్‌లో పుస్తకం రాసినవాళ్ళని కలిసి సంతకం తీసుకోవాలంటే ఎలా వెళ్ళాలి?

గోదారి_లెక్కలు:

అందరికీ నమస్కారం అండి. నేను తూర్పు గోదావరి నుంచి జె-1 వీసా మీద వచ్చి నార్త్ కరోలినాలో ఒక మిడిల్ స్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలు చెప్తున్నాను. ఈసారి మా స్కూలువాళ్ళు నన్ను ఎన్‌సీటీఎం వార్షిక సదస్సుకి పంపిస్తున్నారు. అమెరికాలో లెక్కల టీచర్ల జాతీయ సంఘం అది, 1920లో మొదలైంది, సదస్సుకి వేలమంది టీచర్లు వస్తారు. రిజిస్ట్రేషన్ స్కూలే కట్టింది, హోటల్ గది ఇంకో టీచర్‌తో పంచుకుంటున్నాను. ఏ సెషన్లు వినాలో జాబితా రాసుకున్నాను, దాని గురించి బెంగ లేదు. నా సందేహమంతా పుస్తకాల గురించే.

ఎగ్జిబిట్ హాల్లో పబ్లిషర్ల బూత్‌ల దగ్గర రచయితలు కూర్చుని సంతకాలు చేస్తారని మా మ్యాథ్స్ కోచ్ చెప్పింది. నేను రోజూ వాడే పుస్తకాలు రెండున్నాయి. ఒకటి పీటర్ లిల్యెడాల్ 2020లో రాసింది, పిల్లల్ని లాటరీ తీసినట్టు ముగ్గురేసి గ్రూపులు చేసి గోడ బోర్డుల దగ్గర నిలబెట్టి లెక్క చేయించడం, పిల్లలు అడిగే ఏ ప్రశ్నకి జవాబివ్వాలి ఏ ప్రశ్నకి ఇవ్వకూడదు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. రెండోది మార్గరెట్ స్మిత్, మేరీ కే స్టైన్ రాసిన ఐదు పద్ధతుల పుస్తకం. పిల్లలు ఏమేం చేస్తారో ముందే ఊహించుకోవడం, వాళ్ళు చేస్తుంటే తిరుగుతూ చూడటం, ఎవరి పని అందరికీ చూపించాలో ఎంచుకోవడం, ఏ వరసలో చూపించాలో అనుకోవడం, చివర్లో అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి చెప్పడం. నా పాఠాలన్నీ ఇప్పుడు ఆ వరసలోనే నడుస్తున్నాయి. వీళ్ళలో ఎవరు వస్తారో, ఎవరు సంతకాలకి కూర్చుంటారో సదస్సు యాప్‌లో ఇంకా పెట్టలేదు. వస్తే మాత్రం వదులుకోవాలని లేదు.

నా పుస్తకాలు బాగా నలిగిపోయాయి. అట్ట ఊడితే టేపు వేశాను, మార్జిన్ల నిండా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెన్సిల్ రాతలు, కొన్ని పేజీల్లో "ఇది కుదరలేదు" అని కూడా రాసి ఉంది. అలాంటి కాపీ తీసుకెళ్ళి ఇస్తే వాళ్ళకి బాగోదా? అక్కడే కొత్తది కొంటేనే సంతకం పెడతారా? ఎంతసేపు మాట్లాడొచ్చు, ఫోటో అడగొచ్చా?

అసలు సంగతి ఇంకోటి ఉంది. వీసా అయిపోయాక నేను మా ఊరి వైపే వెళ్ళి పని చేస్తాను. అక్కడ ఒక సెక్షన్‌లో యాభై మంది, బెంచీలు గోడ దాకా. ఈ పద్ధతులు ఆ గదిలో ఎలా నడుస్తాయో రాసినవాళ్ళనే అడగాలని నాకు చాలా కోరిక. మన దగ్గర డిగ్రీలో, బీఎడ్‌లో చదివిన పుస్తకాలు రాసినవాళ్ళని ఎప్పుడూ చూడలేదు, వాళ్ళని ప్రశ్న అడగొచ్చన్న ఆలోచన కూడా రాలేదు. సంతకాల లైన్లో నిలబడి ఇంత పెద్ద ప్రశ్న అడగడం సబబేనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

భిన్నం_సగం:

మేడం, ముందు కంగ్రాట్స్. నేను అట్లాంటా దగ్గర ఎలిమెంటరీలో చెప్తాను, 2025 అక్టోబర్‌లో ఎన్‌సీటీఎం మా ఊళ్ళోనే జరిగింది కాబట్టి హోటల్ ఖర్చు లేకుండా వెళ్ళాను. మీరడిగినవాటికి నాకు తెలిసినంతవరకు చెప్తాను.

పాత పుస్తకం తప్పకుండా తీసుకెళ్ళండి. రెండో ఆలోచనే వద్దు. నేను భిన్నాల మీద ఒకావిడ రాసిన పుస్తకం పట్టుకెళ్ళాను, మీది లాగే పెన్సిల్ రాతలతో. టైటిల్ పేజీ తీసి ఇచ్చాను గానీ ఆవిడ దాన్ని పక్కనపెట్టి లోపలి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నంబర్ లైన్ మీద భిన్నాలు పెట్టించే ఒక యాక్టివిటీ దగ్గర నేను "మా పిల్లలు గీతల మధ్య ఖాళీలు కాకుండా గీతల్ని లెక్కపెడుతున్నారు" అని రాసుకున్నాను, తెలుగులో. ఇదేంటని అడిగారు. చెప్పాను. సున్నా దగ్గర ఉన్న గీతని కూడా ఒకటిగా లెక్కపెట్టి మూడో వంతు ఉండాల్సిన చోట నాలుగో వంతు రాసిన పిల్లలు, సగం ఉన్నచోట మూడో వంతు రాసిన పిల్లలు, ఎలా కనిపెట్టానో, తర్వాత కాగితం పట్టీలు మడిపించి ఆ మడతల్నే గీత మీద పెట్టించానని, అన్నీ గబగబా చెప్పేశాను. నా వెనక లైన్ ఉంది. ఆవిడ సంతకం పెట్టి, కింద మెయిల్ రాసి, ఆ పట్టీల ఫోటో పంపమన్నారు. పంపాను, జవాబు కూడా వచ్చింది. కొత్త కాపీ కొనుక్కుని వెళ్ళుంటే ఇదంతా జరిగేదే కాదు, ఎందుకంటే తిప్పడానికి అందులో ఏమీ ఉండదు.

ఇక పనికొచ్చే విషయాలు. యాప్‌లో సెషన్ల టైంటేబుల్ ఒకచోట, సంతకాలవి ఇంకోచోట ఉంటాయి, కొన్ని అసలు యాప్‌లో ఉండవు, బూత్ దగ్గర చిన్న బోర్డు మీద రాసి పెడతారు. అందుకని హాల్ తెరిచిన మొదటి రోజే ఒక చుట్టు చుట్టి ఆ బోర్డులన్నీ ఫోన్లో ఫోటో తీసుకోండి. ఒక్కో రచయితకి ఎక్కువలో ఎక్కువ అరగంట, గంట ఇస్తారు. పేరున్నవాళ్ళకైతే టైముకి ముందే లైన్ మొదలవుతుంది. వాళ్ళ సెషన్ అయిపోయిన వెంటనే సంతకాలుంటే మాత్రం సెషన్ వదిలేసి లైన్లో నిలబడకండి, వినండి, విన్నాక వెళ్తే అడగడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

స్టికీ నోట్ మీద మీ పేరు పెద్ద అక్షరాల్లో రాసి టైటిల్ పేజీకి అంటించి పెట్టుకోండి. మన పేర్లు అక్కడ చెప్పి రాయించడం కష్టం, హాల్లో గోల కూడా చాలా ఉంటుంది. ఫోటో అడగొచ్చు, అందరూ అడుగుతారు, వెనకవాళ్ళకి ఫోన్ ఇస్తే తీసిపెడతారు.

హాయిగా ఉండే చెప్పులు వేసుకోండి. ఆ కన్వెన్షన్ సెంటర్లో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవడమే పెద్ద పని.

స్టాల్_వెనక:

నేను టీచర్ని కాదు. టీచర్ల పుస్తకాలు వేసే ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేశాను, ఇలాంటి సదస్సుల్లో బూత్ చూసుకోవడం నా డ్యూటీలో భాగం, కాబట్టి టేబుల్‌కి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్పగలను.

కొత్తది కొంటేనే సంతకం అనే రూల్ నేను పనిచేసినచోట లేదు, ఎక్కువచోట్ల ఉండదు కూడా. కొనాలనుకుంటే మాత్రం మొదటి రోజే కొనండి. బూత్‌కి పుస్తకాలు లెక్కపెట్టి పంపుతారు, అందరూ అడిగే పుస్తకం రెండో రోజుకే అయిపోతుంది, ఆ తర్వాత డిస్కౌంట్ కోడ్ ఉన్న కాగితం చేతికిచ్చి ఆన్‌లైన్లో తెప్పించుకోమంటారు. చివరి రోజు మధ్యాహ్నం సర్దేసే ముందు డిస్‌ప్లేకి పెట్టిన కాపీలు తగ్గించి అమ్మేవాళ్ళూ ఉంటారు, వాటిని వెనక్కి పంపడం కంటే అదే నయం. ఏ పుస్తకం ఎప్పుడు తగ్గుతుందో బూత్‌లో ఉన్న మనిషిని నేరుగా అడిగితే చెప్తారు. కొన్నవన్నీ సూట్‌కేసులో పెట్టుకుంటే విమానంలో 50 పౌండ్లు దాటి డబ్బు కట్టాల్సొస్తుంది. పోస్టాఫీసులో మీడియా మెయిల్ అని పుస్తకాలకి వేరే చౌక రేటు ఉంటుంది, అమెరికా లోపల పంపడానికే, కాస్త ఆలస్యంగా వస్తాయి, మీ స్కూల్ అడ్రస్‌కి పంపించేసుకోండి.

సంతకం టైటిల్ పేజీ మీదే పెట్టించుకోండి. అట్ట లోపలివైపు నున్నగా ఉంటే ఇంకు వెంటనే ఆరదు, పుస్తకం మూయగానే అలుక్కుపోతుంది. స్కూల్ లైబ్రరీకో ఇంకో టీచర్‌కో తీసుకుంటుంటే ముందే చెప్పండి, ఆ పేరు రాసి ఇస్తారు. ఒక్కో మనిషి ఒకటి రెండు పుస్తకాలకి మించి తేకపోతే మంచిది.

రచయితల సంగతి చెప్తాను. టీచర్ల కోసం రాసేవాళ్ళలో రాయల్టీ మీద బతికేవాళ్ళు చాలా తక్కువ. చాలామంది యూనివర్సిటీల్లోనో స్కూళ్ళలోనో ఉద్యోగం చేస్తూ రాస్తారు, వర్క్‌షాపులు చెప్తారు. లిల్యెడాల్ కూడా హైస్కూల్లో లెక్కలు చెప్పి తర్వాత కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీకి వెళ్ళిన మనిషే. వాళ్ళకి లైన్లో నిలబడి "మీ పుస్తకం చాలా బాగుంది" అనేవాళ్ళు రోజంతా కనిపిస్తారు. ఎనిమిదో చాప్టర్ పట్టుకుని మంగళవారం మూడో పీరియడ్‌లో చేశాను, ఇక్కడ ఆగిపోయాను అని చెప్పే మనిషి అరుదుగా వస్తారు. అలాంటివాళ్ళు వచ్చినప్పుడు రచయిత కుర్చీలో ముందుకి జరగడం నేను ఎన్నోసార్లు చూశాను. లైన్ కదలడం లేదని నేను పక్కన నిలబడి కంగారు పడుతుంటే వాళ్ళు నన్ను పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ మాటలు ఊరికే పోవు కూడా. మీరు చెప్పిన ఐదు పద్ధతుల పుస్తకమే తీసుకోండి, అది 2011లో వచ్చింది, 2018లో రెండో ఎడిషన్ వచ్చింది, ఆ తర్వాత ఎలిమెంటరీకి, మిడిల్ స్కూల్‌కి, హైస్కూల్‌కి విడివిడిగా పుస్తకాలు వేశారు, అవి ముఖ్యంగా క్లాసులో అమలు చేసేటప్పుడు టీచర్లకి ఎక్కడ ఇబ్బంది వస్తుందో దాని మీద నడుస్తాయి. క్లాసులో ఇబ్బంది ఎక్కడుందో చెప్పగలిగేది టీచర్లే కదా. మేము బూత్‌లో ఒక నోట్‌బుక్ పెట్టుకుని టీచర్లు చెప్పినవి రాసుకుని ఎడిటర్‌కి ఇచ్చేవాళ్ళం. మీ "ఇది కుదరలేదు" పేజీల్ని సిగ్గుపడకుండా చూపించండి.

ఇంకో విషయం, ఇది నా మనసులో మాట. పెద్ద లైన్ పక్కనే ఇంకో టేబుల్ ఉంటుంది, మొదటి పుస్తకం రాసిన ఒక టీచర్ పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటారు, ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ అరగంట వాళ్ళకి చాలా కష్టంగా గడుస్తుంది. దయచేసి అక్కడ ఆగండి. పుస్తకం కొనకపోయినా పరవాలేదు, దేని గురించి రాశారో అడగండి. పోయిన ఏడాది దాకా మీలాగే క్లాసు చెప్పిన మనుషులు వాళ్ళు, తీరిగ్గా మాట్లాడతారు.

ఏటవాలు_గీత:

పైవాళ్ళు చెప్పింది బాగానే ఉంది గానీ నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. డాలస్‌లో హైస్కూల్ జామెట్రీ చెప్తాను, ఎన్‌సీటీఎం కాకుండా రాష్ట్ర సదస్సులకి ఎక్కువ వెళ్తుంటాను. సంతకాల లైన్లో నిలబడటం నేను మానేశాను. ముప్పావుగంట నిలబడితే మాట్లాడేది ఒకటిన్నర నిమిషం. ఆ ముప్పావుగంటలో ఒక సెషన్ మూడొంతులు వినొచ్చు, రిజిస్ట్రేషన్‌కి వందల డాలర్లు మన స్కూల్ కట్టింది దానికే కదా.

నేను చేసేదేంటంటే రచయిత సెషన్‌కి ముందుగా వెళ్ళి మొదటి రెండు వరసల్లో కూర్చుంటాను. వాళ్ళు ల్యాప్‌టాప్ కలుపుకుంటూ, మైక్ చూసుకుంటూ ఓ పది నిమిషాలు అక్కడే ఉంటారు, అప్పుడు గదిలో ఎవరూ ఉండరు. ఏం టాస్క్ ఇవ్వబోతున్నారు, నేను ఫలానా తరగతికి చెప్తాను అని పలకరిస్తే చాలు, కొంతమంది సెషన్ మధ్యలో మన క్లాస్‌నే ఉదాహరణగా తీసుకుని మాట్లాడతారు. సెషన్ అయ్యాక చుట్టూ మూగుతారు గాబట్టి అప్పుడు వద్దు. చేతిలో పుస్తకం ఉంటే అప్పుడే సంతకం పెట్టేస్తారు, బూత్ దగ్గరే పెట్టాలని ఏమీ లేదు.

పెద్ద బాల్‌రూంలో ఐదారు వందల మందికి చెప్పే ప్రసంగం కంటే చిన్న గదిలో ముప్పై మందితో పని చేయించే వర్క్‌షాప్ ఉంటే అది పట్టుకోండి. కొంతమంది రచయితలు రెండూ చేస్తారు, ప్రోగ్రామ్‌లో పేరు కొట్టి వెతకండి. లిల్యెడాల్ తరహా వర్క్‌షాపుల్లో అయితే మనల్నే ముగ్గురేసి గ్రూపుగా వేసి గోడ దగ్గర నిలబెట్టి లెక్క చేయిస్తారు, పుస్తకం పదిసార్లు చదివినా రాని అవగాహన అక్కడ నిలబడి పెన్ను ఇంకొకరి చేతికి ఇచ్చినప్పుడు వస్తుంది. నా చేతిలో పెన్ను లేనప్పుడు నేనెంత ఎక్కువ వింటున్నానో నాకప్పుడే తెలిసింది, అప్పటినుంచి మా క్లాసులో గ్రూపుకి ఒక్క మార్కరే ఇస్తున్నాను, ఆయన చెప్పింది కూడా అదే.

మేడం, మీ యాభై మంది ప్రశ్న చాలా మంచి ప్రశ్న. కానీ దాన్ని లైన్లో అడిగితే వెనక నలభై మంది ఉంటారన్న ఇబ్బందితో ఆయన ముక్తసరిగా చెప్పి పంపించే అవకాశం ఎక్కువ. సెషన్ చివర్లో ప్రశ్నల సమయంలో మైక్‌లో అడగండి. ఆ గదిలో పెద్ద సెక్షన్లతో బాధపడేవాళ్ళు ఇంకా ఉంటారు, ఇక్కడ కూడా 35, 38 మంది ఉన్న గదులున్నాయి, అందరికీ పనికొస్తుంది.

స్టాల్_వెనక:

మైక్‌లో అడగడం నాకూ నచ్చింది. రెండూ చేయొచ్చు. మైక్‌లో ప్రశ్న అడిగిన మనిషి తర్వాత లైన్లో వస్తే గుర్తుపడతారు, అక్కడి నుంచి మాట కొనసాగుతుంది. ఒక్క జాగ్రత్త, ప్రశ్నల సమయం ఎప్పుడూ అనుకున్నంత మిగలదు, కాబట్టి మైక్ దొరక్కపోతే ఇవ్వడానికి ప్రశ్నని ఒక కార్డు మీద రాసి పెట్టుకోండి, మీ మెయిల్ కూడా రాయండి. లైన్లో ఇచ్చే కార్డులు చాలామంది రచయితలు జేబులో పెట్టుకుని హోటల్‌కి తీసుకెళ్తారు.

మధిర_బడి:

మేడం, నేను ఖమ్మం జిల్లాలో గవర్నమెంట్ హైస్కూల్లో ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) మ్యాథ్స్. అమెరికా సదస్సు గురించి నాకు తెలియదు కానీ మీ చివరి ప్రశ్న నాది కూడా, అందుకే రాస్తున్నాను.

ఆ లిల్యెడాల్ పుస్తకం ఇక్కడ కొనాలంటే మూడు వేల పైన పడుతుంది. మా స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడులన్నీ కలిపిన గ్రూపు) నలుగురం కలిసి ఒక కాపీ తెప్పించుకుని చేతులు మార్చుకుంటూ చదివాం. లాటరీ గ్రూపులు మంచిగ నడిచాయి, చీటీలకి బదులు పేకముక్కలు పంచాను, దానికి ఖర్చేమీ లేదు. ముందు బెంచి పిల్లలు, వెనక బెంచి పిల్లలు అనే తేడా కొన్ని వారాల్లోనే తగ్గడం నా కళ్ళతో చూశాను. జవాబు చెప్పాల్సిన ప్రశ్న, చెప్పకూడని ప్రశ్న అన్నది కూడా బాగా పనికొచ్చింది. టీచర్ పక్కనుంచి వెళ్తున్నాడు కదా అని అడిగేవి కొన్ని, "ఇది కరెక్టేనా సార్" అని ఆలోచన ఆపేయడానికి అడిగేవి కొన్ని, ముందుకి పోవడానికి అడిగేవి కొన్ని. ఆయన మూడో రకానికే జవాబు చెప్పమంటాడు. మొదట్లో పిల్లలకి కోపం వచ్చింది, ఒకాయన ఇంటి నుంచి వచ్చి సార్ చెప్పట్లేదంట అని హెడ్‌మాస్టర్‌ని అడిగాడు కూడా. తర్వాత సర్దుకుంది.

ఆగిపోయింది గోడ దగ్గర. 48 మందిని ముగ్గురేసి చేస్తే పదహారు గ్రూపులు. మా గదిలో ఒక గోడకి బోర్డు, రెండు వైపులా కిటికీలు, ఒకవైపు బీరువా. పదహారు బోర్డులు పెట్టే జాగా లేదు. చార్టులు అంటించి చూశాను కానీ ఆ పుస్తకంలో చెప్పినట్టే అయింది, తుడిచే బోర్డు మీదైతే పిల్లలు అర నిమిషంలోపే ఏదో ఒకటి రాయడం మొదలుపెడతారు, చెరగని కాగితం మీదైతే తప్పు రాస్తామేమోనని చూస్తూ నిలబడతారు. మా పిల్లలు అచ్చం అలాగే నిలబడ్డారు. వరండా గోడకి నల్లరంగు వేయిద్దామని అడిగాను, పర్మిషన్ దొరికేసరికి టర్మ్ అయిపోయింది.

అక్కడి రచయితలకి ఒక విషయం చెప్పండి మేడం. పిల్లల ఎత్తులో గోడ పొడవునా నల్లబోర్డు అన్నది మన దక్షిణాదిలో కొత్త కాదు. తమిళనాడులో ఏబీఎల్ పద్ధతి, అంటే పిల్లలు కార్డులతో పనులు చేస్తూ ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకునేది, పెట్టినప్పుడు ప్రైమరీ క్లాసుల్లో గోడ అడుగు భాగమంతా నల్లరంగు వేసి ఒక్కో పిల్లకి ఒక్కో భాగం ఇచ్చారు. ఆ కార్డుల పద్ధతికి ప్రేరణ మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల్లో నడిపినది. అంటే గోడ మీద రాయించడం మన దగ్గర ప్రైమరీలో ఉంది, హైస్కూల్‌కి వచ్చేసరికి లేదు. ఆయన పుస్తకం హైస్కూల్లో కూడా అదే కావాలంటోంది. ఈ రెండింటినీ ఎవరైనా కలిపి చూశారా అని నాకు తెలుసుకోవాలనుంది.

రచయితల్ని కలవడం గురించి కూడా ఒక మాట. మన దగ్గర అవకాశం లేదని కాదు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి డిసెంబర్‌లో వెళ్తే పిల్లల పుస్తకాలు, చదువు మీద పుస్తకాలు వేసే స్టాళ్ళలో రాసినవాళ్ళూ అనువాదం చేసినవాళ్ళూ చాలాసార్లు అక్కడే కూర్చుని ఉంటారు, టీ తాగుతూ మాట్లాడొచ్చు, లైన్ కూడా ఉండదు. సంఘాల మహాసభల్లోనూ పుస్తకాల స్టాల్ ఉంటుంది. కానీ అక్కడ ఎక్కువమంది సర్వీస్ రూల్స్ పుస్తకం, డైరీ కొనుక్కుని వెళ్ళిపోతారు, పాఠం చెప్పడం మీద రాసిన పుస్తకం దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. పీఆర్సీ గురించి మూడు గంటలు మాట్లాడుకున్నచోట ఒక అరగంట పాఠం గురించి రాసిన మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే బాగుంటుందని నేను మా మండలంలో చెప్తూనే ఉన్నాను. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా గారి లాంటివాళ్ళు తమ పుస్తకాలే కాదు, ఇంకా వేలాది పుస్తకాలు వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టారు, తెలుగువి కూడా ఉన్నాయి. మనం అడగాల్సినంత అడగట్లేదు.

గోదారి_లెక్కలు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. టెన్షన్ చాలావరకు పోయింది. పాత కాపీలే తీసుకెళ్తాను. స్టికీ నోట్లు, కార్డులు కొనేశాను. హాల్ తెరవగానే బోర్డులన్నీ ఫోటో తీస్తాను. లైన్ లేని టేబుల్ దగ్గర తప్పకుండా ఆగుతాను, ఆ మాట నాకు బాగా తగిలింది.

మధిర సార్, మీ పోస్ట్ చదివాక నా ప్రశ్న మార్చుకున్నాను. "ఇండియాలో యాభై మంది ఉంటారు, ఏం చేయాలి" అంటే ఎవరైనా పైపైన ఏదో చెప్పి ఊరుకుంటారు. దానికి బదులు కార్డు మీద ఇలా రాశాను, ఇంగ్లీషులోనే రాస్తాను గానీ భావం ఇది: ఎనిమిదో తరగతి, 48 మంది, 45 నిమిషాల పీరియడ్, తుడిచే జాగా ఆరు గ్రూపులకే ఉంది. ఆరు గ్రూపులు గోడ దగ్గర, మిగతా పది గ్రూపులు బెంచీల మీద పలకలతో పని చేస్తే, గోడ దగ్గర ఉన్నవాళ్ళ నుంచి మిగతావాళ్ళకి ఆలోచన పాకడానికి ఏం చేయాలి? సగం పీరియడ్‌లో మార్చాలా, రోజు మార్చి రోజు మార్చాలా, లేక గ్రూపుని నలుగురు చేయడమే మేలా?

నిలబడటం వల్ల ఎంత లాభం, పక్క గ్రూపు పని కనిపించడం వల్ల ఎంత లాభం అన్నది విడదీసి చెప్పగలిగితే మనకి దారి దొరుకుతుందని నాకనిపిస్తోంది. పక్కవాళ్ళది కనిపించడమే ముఖ్యమైతే పెద్ద పలకలు ఎత్తి చూపించినా చాలు కదా. ఇందులో ఏమైనా మార్చాలంటే చెప్పండి సార్, ఇంకా టైముంది.

భిన్నం_సగం:

ప్రశ్న చాలా బాగుంది మేడం. ఒక్క సలహా, గది బొమ్మ గీసి కార్డు వెనక పెట్టండి, బోర్డు ఎక్కడ, కిటికీలు ఎక్కడ, బెంచీలు ఎన్ని వరసలు. మాటల్లో చెప్తే ఇక్కడివాళ్ళకి ఆ గది కళ్ళకి కట్టదు. వాళ్ళకి తెలిసిన క్లాసు అంటే విడివిడి డెస్కులు, చుట్టూ నడవడానికి చోటు.

ఏటవాలు_గీత:

అవును, బొమ్మ ఉంటే మైక్ దొరక్కపోయినా పరవాలేదు, నేరుగా చేతికివ్వొచ్చు. పలకల సంగతి నేను మా క్లాసులో కొంత చూశాను, చిన్న వైట్‌బోర్డులు ఇచ్చి కూర్చోబెడితే మొదలుపెట్టడం త్వరగానే మొదలుపెడతారు గానీ పక్క గ్రూపు వైపు చూడరు. నిలబడితే తల తిప్పితే చాలు. మీ ప్రశ్నలో అదే కీలకం, అది మాత్రం తీసేయకండి.

మధిర_బడి:

నలుగురు వద్దు మేడం, నేను చేసి చూశాను, నాలుగో పిల్లో పిల్లవాడో పక్కకి తప్పుకుంటారు. ఆ ముక్క తీసేసి మిగతాది అలాగే ఉంచండి. మా గది కొలతలు, బెంచీల వరసలు గీసి రేపు స్కూల్ అయ్యాక ఇక్కడే ఫోటో పెడతాను, కిటికీలతో సహా. తలుపు వెనక రెండు గ్రూపులకి సరిపోయే గోడ ఒకటి ఉంది, అది కూడా కలిపితే ఆరు కాదు ఎనిమిది అవుతాయి, మీ కార్డులో ఆ అంకె మార్చుకోండి.